మా వాణ్ణి లాంచీ ఎక్కించాం!

పదహారేళ్ళ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మీరెప్పుడైనా విహారయాత్రకి వెళ్ళారా? కాల్షీట్లిచ్చిన హీరో మేకప్ వేసుకుని, సెట్టు మీదకొచ్చి, కుర్చీలో కూర్చుని ‘నేనివాళ నటించను’ అంటే నిర్మాతగారి మొహం ఎలా వుంటుందో వూహించుకోండి. ఆ రోజు పొద్దున్న గోదావరి ఒడ్డున మా అక్క మొహం అచ్చం అలాగే వుంది.

2024 సంక్రాంతి. ముక్కనుమ కూడా వెళ్ళిపోయిన మర్నాడు. అమ్మ, అక్క, బావ, వాళ్ళబ్బాయి, తొమ్మిదేళ్ళ వాళ్ళమ్మాయి, నేను... మొత్తం ఆరుగురం పాపికొండలు చూడ్డానికి బయల్దేరాం. తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో కారెక్కి, రాజమండ్రిలో టిక్కెట్లు తీసుకుని, లాంచీవాళ్ళ బస్సులో గండిపోచమ్మ గుడి దగ్గర రేవుకి చేరాం. ఇంత దూరంలోనూ మావాడు చెవుల్లోంచి ఆ రెండు తెల్లటి గుండీలూ తీయలేదు. అక్క పలకరిస్తే ‘ఊఁ’. అమ్మ పలకరిస్తే ‘ఏమో’. నేను పలకరిస్తే ‘పర్లేదు’. మూడే మూడు డైలాగుల ఆర్టిస్టు!

నా సంగతి కూడా చెప్పాలి కదా. ఏదో బి.కాం. గట్టెక్కి, ఆ చదువుకీ చేసే పనికీ పొంతన లేకుండా, ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, అన్ని పత్రికలకీ సినిమా కబుర్లు రాసుకుంటూ హైదరాబాదులో బతికేస్తున్న పెళ్ళికాని మేనమామని. వయసు ముప్ఫైనాలుగు. మా అక్క దృష్టిలో నాకున్న అర్హత ఒక్కటే, పిల్లలతో బాగా కలుస్తానట. అందుకని ముందురోజు రాత్రి వంటింట్లోకి పిలిచి ఒక వేషం ఇచ్చింది. ‘‘నువ్వు వాడి పక్కనే కూర్చో. ఎలాగోలా నోరు విప్పించు. ఆదివారం మళ్ళీ హాస్టల్లో దింపాలి. నవ్వుతూ వెళ్ళేట్టు చూడు.’’

నవ్వుతూ వెళ్ళడం మాట అంత గట్టిగా ఎందుకన్నదో నాకు తెలుసు.

మావాడు విజయవాడలో ఒక కాలేజీ హాస్టల్లో ఇంటరు మొదటి సంవత్సరం. పొద్దున్న అయిదున్నరకి లేపి, రాత్రి పదిన్నరదాకా చదివించే రకం చదువు. డిసెంబరులో ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా హాస్టలు దాటి, స్టేషనుకి నడిచి, రైలెక్కేశాడు. తెల్లారేసరికి ఫోన్లే ఫోన్లు. చివరికి ఎక్కడ దొరికాడనుకున్నారు? ఏలూరు స్టేషన్లో, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం బెంచీ మీద. ఇంటికి రాలేదు, హాస్టలుకీ పోలేదు. సగం దారిలో దిగి కూర్చున్నాడు. బావ కారేసుకు వెళ్ళి, టిఫిను పెట్టించి, అటునుంచి అటే మళ్ళీ విజయవాడ తీసుకెళ్ళి అప్పగించి వచ్చాడు. ‘మార్చిలో పరీక్షలు’ అని అందరూ వాడికి చెప్పారు. ఎందుకొచ్చేశావని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఫోనులో ‘ఏరా హీరో’ అన్నాను, అంతే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సరే, రేవులోకొద్దాం.

నేను చేతులూపుకుంటూ వెళ్ళలేదు. సినిమావాణ్ణి కదా, సినిమాలతోనే వాణ్ణి పడగొడదామనుకున్నాను. బస్సులోనే మొదలుపెట్టాను. 1964లో ‘మూగమనసులు’, నాగేశ్వరరావుగారు పడవవాడు, సావిత్రి, జమున... వాడు ‘ఊఁ’ అన్నాడు. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’, లాంచీలో భద్రాచలం ప్రయాణమే కథ... ‘ఊఁ’. పోనీ కొత్తది చెబుదామని 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ అన్నాను. ‘‘నేను పుట్టకముందుది’’ అన్నాడు. ఒక ఏడాది ముందంతే! నాకు నిన్నమొన్నటిలా వుంది. ఆ క్షణంలో నా తలలో మూడు తెల్లవెంట్రుకలు కొత్తగా మొలిచి వుంటాయి.

లాంచీకి రెండు అంతస్తులు. పైన ప్లాస్టిక్ కుర్చీలు, నీడకి కప్పు, ముందువైపు కొంచెం ఖాళీ జాగా, పక్కన మనిషెత్తు స్పీకర్లు. ఎక్కగానే ప్రతివాళ్ళకీ నారింజరంగు జాకెట్టు ఇచ్చి, వేసుకోవలసిందే అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. ‘‘పట్టుచీర మీద ఈ గోనెసంచేవిఁట్రా! ఫోటోలో ఎలా వుంటుందీ’’ అని కూర్చుంది. అక్క చెప్పింది, బావ చెప్పాడు, లాంచీ కుర్రాడు చెప్పాడు. వినలేదు. మావాడు లేచి వచ్చి, చెవిలో గుండీలు తీసి జేబులో వేసుకుని, అమ్మమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా జాకెట్టు తొడిగి, మూడు పట్టీలూ బిగించి, ఒక్కోటీ లాగి చూసి, మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు. అమ్మ కిక్కురుమనలేదు. వాడు వెళ్ళి చెల్లెలి పట్టీలూ చూశాడు. నావీ చూశాడు. నాది వదులుగా వుందట!

అన్నట్టు, లాంచీ ఇప్పుడు రాజమండ్రి రేవులో బయల్దేరి భద్రాచలం పోదు. ఆ సినిమాల్లో చూసిన ప్రయాణం ఇప్పుడు చేద్దామన్నా కుదరదు. పోలవరం దగ్గర ప్రాజెక్టు కట్టడం నదికి అడ్డంగా వుంది. దానికి ఎగువన ఎక్కి, పాపికొండల మధ్యనుంచి పేరంటాలపల్లిదాకా వెళ్ళి, సాయంత్రానికి వెనక్కి రావడమే. పోలవరం పూర్తి మట్టానికి, అంటే సముద్రమట్టానికి నూటయాభై అడుగులకి నిండితే మేం ఆ రోజు చూసిన వూళ్ళు చాలా మటుకు నీళ్ళకిందే. దేవీపట్నం పక్కనుంచి వెళ్తూంటే మనుషులు ఖాళీచేసి వెళ్ళిపోయిన ఇళ్ళు కనబడ్డాయి. బావ ఫోను పైకెత్తి ఆ ఇళ్ళవైపు చూపించాడు. ఫోటో తీస్తున్నాడనుకున్నాను. కాదు. సిగ్నలు వెతుకుతున్నాడు.

ఇక్కడ మా బావ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే కథ నడవదు. ధాన్యం వ్యాపారం. మంచి మనిషి, కష్టజీవి. కానీ ఫోను చెవికి అంటుకుపోయి పుట్టాడేమో అనిపిస్తుంది. భోజనానికి కూర్చుంటే ఫోను, పడుకోబోతే ఫోను. ‘ఒక్క నిమిషం’ అని లేచి వీధిలోకి వెళ్ళాడంటే గంట. ఆ ‘ఒక్క నిమిషం’ మా ఇంట్లో సామెత అయిపోయింది. ప్రయాణానికి ముందు అక్క పిల్లాడి ఫోను గురించి నాతో బోలెడు మొర పెట్టుకుంది. దేవీపట్నం దాటి సిగ్నలు పోయాక మావాడు ఫోను తీసి సంచిలో పడేసి నది చూస్తూ కూర్చున్నాడు. బావే, పాపం, లాంచీ ఆ చివరనుంచి ఈ చివరకి, పైనుంచి కిందకి, చెయ్యెత్తి పట్టుకుని తిరుగుతూ వున్నాడు, స్వాతంత్ర్య సమరయోధుడి పాత్రలో జెండా పట్టుకున్నట్టు.

టిఫిను అయ్యాక డాన్సు ప్రోగ్రాం మొదలైంది. ఇది లేకుండా పాపికొండల లాంచీ కదలదు. మైకు పట్టుకున్న కుర్రాడొకడు, డాన్సు చేసే పిల్లలు ఇద్దరు ముగ్గురు, హీరోల స్టెప్పులు. నేను వాళ్ళని తక్కువ చేసి మాట్లాడను. ఎండలో, కదిలే చెక్కల మీద, రోజూ అవే పాటలకి అంత హుషారుగా ఆడటం మాటలు కాదు. చిక్కల్లా ఎక్కడంటే, మైకు కుర్రాడు ప్రయాణీకుల్ని కూడా లాగుతాడు. కొత్త పెళ్ళికొడుకుల్నీ, పదహారేళ్ళవాళ్ళనీ ఏరి మరీ లాగుతాడు. ‘‘ఎల్లో టీషర్టు తమ్ముడూ! రావాలి, రావాలి!’’

ఎల్లో టీషర్టు మావాడే.

వాడు తల అడ్డంగా వూపాడు. వంద కళ్ళు వాడిమీద. అక్క వెనకనుంచి ‘‘వెళ్ళరా, సరదాగా వుంటుంది’’ అని వీపు మీద చెయ్యేసి తోసింది. అక్కడున్న పెద్దలందరూ చప్పట్లు. వాడి చెవులు ఎర్రబడటం చూశాను. ఏలూరు బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా ఇలాగే కూర్చుని వుంటాడని ఎందుకో అనిపించింది. ఇంక ఆలోచించకుండా లేచి వెళ్ళాను. నాకు డాన్సు రాదు. రాదంటే మామూలుగా కాదు. డాన్సు మాస్టర్ల ఇంటర్వ్యూలు పాతిక రాశాను గానీ, కుడికాలు ఎప్పుడు వెయ్యాలో ఇప్పటికీ తెలీదు. నారింజ జాకెట్టుతో, పొట్టతో, మూడు నిమిషాలు ఎగిరాను. మేనకోడలు నాతో కలిసింది, అది నాకంటే ఎంతో నయం. జనం పడీపడీ నవ్వారు. మైకు కుర్రాడు ఎల్లో టీషర్టు సంగతి మరిచిపోయాడు. తిరిగి చూస్తే మావాడి కుర్చీ ఖాళీ.

గుండె జారింది. ఒక్కసారిగా డిసెంబరు గుర్తొచ్చింది. కిందకి పరిగెత్తాను.

వెనకవైపు, ఇంజను గది పక్కన, సరంగు దగ్గర పనిచేసే పెద్దాయనతో మాట్లాడుతూ నిలబడ్డాడు. మూడు డైలాగుల ఆర్టిస్టు కాదు! ప్రశ్నమీద ప్రశ్న. ఇంజను ఎంత గుర్రాల బలం, సుడి వచ్చినచోట స్టీరింగు ఎలా తిప్పుతారు, వరదలో ఎంత లోతు. ఆయన చేత్తో ఒడ్డు చూపించి ‘‘అదే కచ్చులూరు బాబూ’’ అన్నాడు.

మీకు గుర్తుండే వుంటుంది. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో వున్నప్పుడు, అక్కడే ఒక పర్యాటక బోటు బోల్తాపడి దాదాపు యాభైమంది పోయారు. ఆ తర్వాత చాలాకాలం ఈ ప్రయాణాలు ఆగిపోయాయి. మేం టిక్కెట్లు కొంటున్నప్పుడు ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. పిల్లలు భయపడతారని! మావాడు నావైపు తిరిగి, మెల్లిగా అన్నాడు:

‘‘నేను ఏడో తరగతిలో వుండగా జరిగింది మామయ్యా. రోజూ టీవీలో చూసేవాణ్ణి. బోటు తీయలేమన్నారు. కాకినాడనుంచి ధర్మాడి సత్యంగారని వచ్చి, లంగర్లూ ఇనపతాళ్ళూ వేసి లాగారు. మొదట్లో తాళ్ళు తెగిపోయాయి. మళ్ళీ వేశారు. అక్టోబరు 22న పైకి వచ్చింది.’’

తారీఖుతో సహా చెప్పాడు! నేను సినిమా విడుదల తేదీలు చెప్పినట్టు. లాంచీ అక్కడ కొంచెం నెమ్మదించినట్టనిపించింది, నా మనసుకే అలా తోచిందేమో. పైన పాట మారింది. కాసేపాగి అడిగాడు:

‘‘మామయ్యా, మునిగిపోయినవి పైకి తీసే పనికి ఏం చదవాలి?’’

బి.కాం. చదివినవాణ్ణి, నాకేం తెలుసు! ‘‘అనుభవం కావాలనుకుంటాను’’ అన్నాను. అంటూనే, ఈ మాట అక్క వింటే నన్ను ఇక్కడే గోదాట్లోకి తోసేస్తుందని భయపడ్డాను. నేను వాడికి చూపించాలనుకున్న గోదావరి వేరు. పాటలూ, పూలపడవలూ, వెన్నెలా. వాడు చూస్తున్న గోదావరి వేరు. అది కూడా ఇదే నది మరి.

పాపికొండల మధ్యకి వచ్చేసరికి నది సన్నబడి, రెండువైపులా కొండలు దగ్గరకొచ్చి, గాలి చల్లబడింది. ‘పాపిడి తీసినట్టు లేదూ, అందుకే ఆ పేరు’ అని అమ్మ మనవరాలికి చెబుతోంది. అందరూ అంచుకి చేరి ఫోటోలు. అక్క మావాణ్ణి పిలిచి, పళ్ళు కనబడేలా నవ్వమంది. వాడు నవ్వాడు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో వుంది. చూసినవాళ్ళు ‘ఎంత సంతోషంగా వున్నాడో’ అంటారు. నాకు మాత్రం పాస్‌పోర్టు ఫోటోలా కనిపిస్తుంది.

పేరంటాలపల్లిలో దిగి, మెట్లెక్కి, శివుడికి దణ్ణం పెట్టుకున్నాం. కొండరెడ్లు వెదురుని సన్నగా చెక్కి, ముడిచి, పూలు చేసి అమ్ముతారక్కడ. మేనకోడలు ఒకటి కొంది. నేనూ మావాడూ వాగు దగ్గర రాళ్ళమీద కూర్చున్నాం. నేనేమీ అడగలేదు. నిజం చెప్పాలంటే, ఏం అడగాలో తెలీలేదు. వాడే అన్నాడు.

‘‘ఆదివారం నేను వెళ్ళను మామయ్యా.’’

‘‘నాన్నతో చెప్పావా?’’

‘‘ఎప్పుడు చెప్పనూ? మొదలుపెడితే ఫోనొస్తుంది. ఒక్క నిమిషం అంటారు.’’

‘‘ఇక్కడ రాదుగా!’’ అన్నాను.

సరదాకే అన్నాను. ఒట్టు. వాడు నావైపు ఒకసారి చూసి, లేచి, ప్యాంటు దులుపుకున్నాడు. నేనే నేర్పి పంపించానని మా అక్క ఈనాటికీ అంటుంది. లేదని గట్టిగా చెప్పగలనా అంటే... ఏమో.

లాంచీ కథలంటే మన రచయితలకీ దర్శకులకీ ఎందుకంత మోజో ఆ మధ్యాహ్నం తెలిసింది నాకు. ఇంట్లో అయితే పాత్రలు తలుపు వేసుకుంటాయి, బజారుకి పోతాయి, ఫోనొచ్చిందని వీధిలోకి నడుస్తాయి. లాంచీ ఎక్కాక ఎవరూ మధ్యలో దిగి పోలేరు. ‘అందాల రాముడు’లోనైనా, ‘గోదావరి’లోనైనా అంతే కదా. రకరకాల మనుషుల్ని ఒకే చెక్కల మీద కూర్చోబెట్టి, రేవొచ్చేదాకా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోమంటారు. మావాడు పారిపోవడానికి వీల్లేనిచోటు అని అక్క ఈ ప్రయాణం పెట్టింది. బావకీ వీల్లేదన్న సంగతి మేమెవరం అనుకోలేదు.

తిరుగుప్రయాణంలో భోజనాలు. పప్పు, సాంబారు, ఒక వేపుడు, పెరుగు. పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని ఆరుగురం గుండ్రంగా కూర్చున్నాం. వాడు రెండు ముద్దలు తిని, పళ్ళెం కింద పెట్టి అన్నాడు.

‘‘నాన్నా, నేనింక హాస్టలుకి వెళ్ళను.’’

సరిగ్గా అప్పుడే స్పీకర్లలో ఈలలతో ఒక హుషారు పాట. సినిమాలో అయితే డైరెక్టరుగారు ఆ పాట కట్ చేసి, వీణో వేణువో పెట్టించేవారు. ఇక్కడ పెట్టేవాళ్ళెవరు? బావ వినపడనట్టు ‘‘ఆఁ?’’ అన్నాడు. వాడు గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. పక్క కుర్చీలవాళ్ళు ఇటు చూశారు. బావ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. ఫోను తీశాడు. చూశాడు. పెట్టేశాడు. పళ్ళెం అక్క చేతికిచ్చి లేచి, ముందువైపుకి నడిచాడు. ఎంత దూరం నడుస్తాడు? పదీ పన్నెండు అడుగులు. తర్వాత నీళ్ళే. అక్కడ కాసేపు మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ నారింజ జాకెట్టులో వెనకనుంచి చూస్తే ఆయనా మావాడూ ఒకేలా వున్నారు.

వెనక్కొచ్చి కూర్చున్నాడు. కోప్పడతాడని అక్క నా మోచెయ్యి పట్టుకుంది. కోప్పడలేదు.

‘‘ఏలూరులో ఎందుకు దిగావురా?’’ అన్నాడు.

నెల్లాళ్ళకి పైగా అయింది. ఇదే మొదటిసారి ఎవరైనా అడగటం.

వాడు చాలాసేపు చెప్పలేదు. పళ్ళెంలో అన్నం వేలితో అటూ ఇటూ జరిపాడు. ‘‘ఇంటికొస్తే మీరు తిడతారు. అక్కడికెళ్తే వాళ్ళు తిడతారు. ఏలూరులో ఎవరూ తిట్టరు కదా.’’

పాట నడుస్తూనే వుంది. అక్క కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. బావ ఏమన్నాడో పెద్ద మాటలేవీ రాయడానికి లేవు నాకు. ‘‘ముందు తిను’’ అన్నాడు. అమ్మ లేచి, లాంచీ కుర్రాడి చేతిలోంచి గరిటె తనే లాక్కుని, వాడి పళ్ళెంలో పెరుగు వేసింది, వాడు చాలన్నా ఆగకుండా. ఆ తర్వాత తండ్రీ కొడుకులిద్దరూ అంచు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మాట్లాడుకున్నారా అంటే, పెద్దగా లేదు. ఒకసారి మావాడు చెయ్యి చాపి ఒడ్డువైపు ఏదో చూపించాడు. కచ్చులూరు వచ్చి వుంటుంది. బావ కళ్ళు చికిలించి, వాడు చెప్పేది వింటున్నాడు.

గండిపోచమ్మ రేవు దగ్గరపడుతూండగా సిగ్నలొచ్చింది. బావ ఫోను పూనకం వచ్చినట్టు మోగింది. రెండు మోగనిచ్చాడు. మూడోది తీశాడు. తియ్యకుండా ఎలా వుంటాడు, ధాన్యం లారీలు రోడ్డుమీద వుండగా!

ఆదివారం వాడు వెళ్ళలేదు. మంగళవారం బావే వెళ్ళి పెట్టె, పరుపు తీసుకొచ్చాడు. ఫీజు తిరిగి రాలేదు. ఎంతో చెప్పను గానీ, కనబడినప్పుడల్లా ఆ అంకె నాకు చెబుతూనే వుంటాడు, నేను తిన్నట్టు. మార్చిలో పరీక్షలకి వెంట వెళ్ళి, లాడ్జీలో వుండి, రాయించుకొచ్చాడు. ఆ జూన్‌లో మావాడు వూళ్ళోనే సైకిలుమీద వెళ్ళివచ్చే కాలేజీలో చేరాడు. మాటలు మరీ పెరిగాయని చెప్పను. మూడు డైలాగులు ఎనిమిదో పదో అయ్యాయి. వెదురుపువ్వు టీవీ పక్కన పెట్టారు. దుమ్ము పట్టి రంగు మారింది.

మొన్న వేసవిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తనంతట తనే అడిగాడు. ‘‘ఆ లాంచీ సినిమా ఏదో చెప్పావు కదా మామయ్యా, పెట్టు.’’ నా ఆనందం మీరు వూహించుకోండి! ‘అందాల రాముడు’ పెట్టాను. నాగేశ్వరరావుగారు ఇలా తెరమీదకొచ్చారో లేదో, సోఫాలో ఒక పక్కకి ఒరిగి నిద్రపోయాడు, నోరు తెరుచుకుని. బావ వీధిలో ఫోను మాట్లాడి వచ్చి, వాణ్ణి చూసి, చప్పుడు తగ్గించి, నా పక్కన కూర్చున్నాడు. సగం అయ్యాక ‘‘ఇది మనం వెళ్ళిన చోటేనా?’’ అని అడిగాడు.